రక్తం పట్టించిన వంట

ఇంటర్ రెండో సంవత్సరంలో నాకు పచ్చి బియ్యం నమిలే అలవాటు పట్టుకుంది. సెలవులకు గుంటూరు బ్రాడీపేటలోని ఇంటికి వచ్చినప్పుడల్లా బియ్యం డబ్బా దగ్గర నన్ను చూసి, "అలా తింటే నీ పెళ్ళికి వాన కురుస్తుందే" అని అమ్మమ్మ అనేది, ఇంటిల్లిపాదీ నవ్వేవారు. మట్టి, సుద్ద, మంచుగడ్డలు, పచ్చి బియ్యం తినాలనిపించడం ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు కనిపించే లక్షణాలలో ఒకటని ఆ నవ్విన వారిలో ఎవరికీ తెలియదు. వారిని నేను తప్పుపట్టను. తెలిసి ఉండవలసిన మనిషి వేరొకరున్నారు.

విజయవాడలో నేను చదువుకున్న రెసిడెన్షియల్ కళాశాల వారు జబ్బు చేసిన పిల్లలను దగ్గరలోని ఒక క్లినిక్‌కు పంపేవారు. మెట్లెక్కితే ఆయాసమని, గుండె దడదడలాడుతోందని, జుట్టు రాలిపోతోందని అక్కడి డాక్టరుకు చెప్పాను. నెలసరి ఎలా ఉందని ఆయన అడగలేదు. వారం దాటినా రక్తస్రావం ఆగడం లేదన్న మాట, వార్డెన్ పక్కనే నిలబడి ఉండగా, నా అంతట నాకు నోటికి రాలేదు. "ఈ వయసు ఆడపిల్లలకు ఇవన్నీ మామూలేనమ్మా, పరీక్షలైపోతే సర్దుకుంటాయి" అని బలానికి ఒక టానిక్ రాసి పంపించారు. కింది కనురెప్పను లాగి పాలిపోయిందో లేదో చూడడానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం విషయంలో ఆయన మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం 16 నుంచి 18 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు 32 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మా మెస్సులో మధ్యాహ్నం తెల్లటి అన్నం, నీళ్ళ సాంబారు, ఆ వెంటనే నిద్ర రాకుండా టీ. సాయంత్రం గేటు అవతల నూడుల్స్, పునుగులు. భోజనంలో ఉన్న కొద్దిపాటి ఇనుమునూ ఒంటికి సరిగా పట్టనివ్వకుండా చేసేది ఆ టీయే. ప్రభుత్వ బడిలో చదివిన మా పిన్ని కూతురికి వారానికొక నీలిరంగు ఐరన్ మాత్ర ఇచ్చేవారు. లక్షలు కట్టిన మాకు అదీ లేదు.

ఒక ఉదయం స్టడీ అవర్‌లో పడిపోయాను. ఆసుపత్రి, సూదులు, పరీక్షలు అందరికీ తెలిసినవే కనుక వాటిని వదిలేస్తున్నాను. హిమోగ్లోబిన్ 12 ఉండవలసింది 4.8 ఉంది. గుండెకు భారం కాకుండా రక్తం నెమ్మదిగా ఎక్కించాలన్నారు.

ఆ రాత్రి మాత్రం మరచిపోలేను. సీసా మార్చినట్టు రక్తం సంచీ తగిలించి వెళ్ళిన కొంతసేపటికి నాకు వణుకు మొదలై, పళ్ళు టకటక కొట్టుకుని, మంచమంతా కదలసాగింది. సరిగ్గా అప్పుడే పక్క మంచం దగ్గర కూర్చున్న ఆవిడ, ఏ చెడు ఉద్దేశమూ లేకుండానే, "ఇంత చిన్నపిల్లకు రక్తం ఎక్కిస్తున్నారంటే బ్లడ్ క్యాన్సరే అయి ఉంటుందమ్మా, మా ఆడపడుచు కూతురికీ ఇలాగే మొదలైంది" అని అమ్మతో అన్నది. అమ్మ నా చేయి పట్టుకునే ఉంది కానీ నా వైపు చూడడం మానేసింది, ఆ చూడకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. నర్సు పరుగున వచ్చి రక్తం ఆపి, సంచీ మీది నంబరును నా కాగితాలతో సరిచూసి, డ్యూటీ డాక్టరును పిలిచింది. ఇంజక్షన్ ఇచ్చారు, సెలైన్ పెట్టారు, తెల్లవారేవరకు ఆ నర్సు వచ్చి వచ్చి చూస్తూనే ఉంది. రక్తం ఎక్కించేటప్పుడు కొందరికి ఇలాంటి చలిజ్వరం వస్తుందని, వెంటనే ఆపడమే ముఖ్యమని తరువాత తెలిసింది. "క్యాన్సర్" అన్న మాటకు మాత్రం రాత్రంతా విరుగుడు దొరకలేదు.

ఉదయం ఒక యువ డాక్టరమ్మ వచ్చి, నాన్నను కాసేపు బయట ఉండమని, ముందుగా నెలసరి గురించే అడిగింది. ఎర్ర కణాలు చిన్నవిగా, పాలిపోయి ఉన్నాయని, తెల్ల కణాలు సరిగానే ఉన్నాయని, ఇనుము నిల్వలు అడుగంటాయని, ఇది క్యాన్సర్ కాదని కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. ఆమెకు, మర్నాడు నాలోకి చేరిన రక్తం ఎవరిదో ఆ దాతకు నేను ఋణపడి ఉన్నాను. రక్తస్రావానికి వేరే మందులు వాడారు.

ఇంటికి వచ్చాక వంటిల్లు అమ్మమ్మ చేతికి వెళ్ళింది. బంధువులు బీట్‌రూట్ రసం తాగమన్నారు. ఎర్రగా ఉన్నంత మాత్రాన అందులో ఇనుము పెద్దగా ఉండదు. రాగి జావ ఎముకలకు మంచిదే, దానిలో ఎక్కువగా ఉండేది కాల్షియం. మా ఇంట్లో నిజంగా పనికివచ్చినవి మామూలు వంటలే: రాత్రి నానబెట్టిన పెసలతో పెసరట్టు, అల్లం పచ్చడి, మధ్యాహ్నం ఇనుప మూకుడులో తోటకూర పులుసు. పుల్లటి కూర ఇనుప పాత్రలో ఉడికితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది, అయితే పొయ్యి మీంచి దింపగానే వేరే గిన్నెలోకి తీయకపోతే నల్లబడి చేదెక్కుతుంది. పప్పులో నిమ్మరసం, భోజనం కాగానే జామకాయ, ఎందుకంటే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము విటమిన్ సి తోడుంటే బాగా ఒంటబడుతుంది. ఆదివారం మిరియాలతో మేక కార్జం వేపుడు. మాంసంలోని ఇనుము ఆకుకూరల్లోని దానికంటే తేలికగా పడుతుంది. టీ భోజనానికి గంట దూరం జరిగింది. వీటన్నిటితో పాటు మాత్రలూ మింగాను, ఇంత లోటు వంటతో మాత్రమే తీరదు. మాత్రలకు విరేచనం నల్లగా అయితే అమ్మ హడలిపోయింది. అది మామూలేనని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంటే బాగుండేది. హిమోగ్లోబిన్ సరైన అంకెకు వచ్చాక కూడా నిల్వలు నిండేందుకు మరో మూడు నెలలు మానవద్దన్నారు.

ఇప్పుడు డిగ్రీ చదువుతూ విజయవాడ పటమటలో స్నేహితురాళ్ళతో గదిలో ఉంటున్నాను. ఒక్క పొయ్యి, ఒక కుక్కరు. ఉడికించిన శనగల్లో ఉల్లిపాయ, నిమ్మరసం, గుడ్డు పొరుటు, వేడి అన్నంలో మునగాకు కారప్పొడి. పదిహేనేళ్ళ పిల్లలైనా చేసుకోగలిగిన వంటలివి, ఖరీదైన పోషకాల పొడి డబ్బాల కన్నా వెయ్యి రెట్లు నయం. ఇంట్లో ఎదిగే పిల్ల పాలిపోయినా, ఆయాసపడినా ముందు రక్తపరీక్ష చేయించండి, ఆ తరువాత రక్తం ఎందుకు తగ్గిందో అడగండి. "మామూలే" అని ఎవరైనా అంటే మరో డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

ఆ రాత్రి వార్డులో అమ్మ దుర్గమ్మకు మొక్కుకుందట, బతికి బయటపడితే నా తలనీలాలు ఇస్తానని. మందులూ తోటకూరా సరేగానీ నిలబెట్టింది అమ్మవారేనని ఆమె నమ్మకం, ఆ రాత్రిని చూశాక కాదనడానికి నాకు మనసొప్పదు. ఇంద్రకీలాద్రి మెట్లు ఆగకుండా ఎక్కాను. గుండుకు మాత్రం ఒప్పుకోలేదు. రాలిపోయిన జుట్టు అప్పుడప్పుడే తిరిగి వస్తోంది, మూడు కత్తెరలు ఇచ్చి వచ్చాము.