మిర్చి ఏరే నెలలో జనాభా లెక్క

మొన్న ఫిబ్రవరిలో, తెలంగాణ సరిహద్దున మహారాష్ట్రలో ఉన్న సిరొంచ పల్లెల్లో ఒక సర్వే టీమ్‌తో తిరిగాను. వాళ్లకు తెలుగు రాదు, ఊళ్లో పెద్దవాళ్లకు మరాఠీ అంతంతమాత్రం. మధ్యలో నేను. వరసగా తాళాలే. అరుగు మీద మనవణ్ని ఆడిస్తున్న ముసలమ్మ "అందరు మిర్చి ఏరనీకి పోయిన్రు బిడ్డా, హోలీకి గాని రారు" అంది. టీమ్ అమ్మాయి ట్యాబ్‌లో "తాళం" అని నొక్కి పక్క వాకిలికి నడిచింది. మళ్లీ తాళమే.

2011 జనగణనలో మనుషుల్ని లెక్కపెట్టింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. ఆ రోజులన్నీ బయటే ఉన్నవాళ్లను సొంతూళ్లో రాయరు, ఉన్నచోటే రాయాలి. మావాళ్లు ఏరబోయే ఖమ్మం మిర్చి చేలల్లో గుడారాల దాకా ఎవరు వెళ్లారో మరి! 2013 ఆహార భద్రత చట్టం కింద పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం వరకు రేషన్ అన్నది ఇప్పటికీ ఆ పాత జనాభా మీదే నడుస్తోంది. లెక్కలో జారిపోయిన మనిషి బియ్యంలోనూ జారిపోతాడు.

కొత్త జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అంటే మళ్లీ మిర్చి సీజనే. మంచు పడే ప్రాంతాలకైతే 2026 అక్టోబర్ 1 అని వేరే తేదీ పెట్టారు. మిర్చికి అంత పలుకుబడి లేదు లెండి. తేదీ మార్చకపోయినా ఫర్వాలేదు. ఏ ఇంటివాళ్లు ఏ ఊరి చేలకు పోయారో మా ఆశా వర్కర్లు నోటికే చెప్తారు. ఆ జాబితా రాయించి అవతలి జిల్లాలో జనాభా లెక్క రాసే ఎన్యుమరేటర్ల చేతిలో పెట్టండి.