అమ్మ, మేనూత్, కాలవ గట్టు

శనివారం. చలికాలం వస్తోంది కదా, ఐర్లండ్‌లో ఈ రాత్రి గడియారాలు గంట వెనక్కి తిప్పుకోవాలి. రేపట్నించి సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుందంటే అమ్మ నమ్మట్లేదు. "గడియారం మనం తిప్పితే సూర్యుడు వింటాడేమిటే?" అంది.

అమ్మ వచ్చి ఇరవై రెండు రోజులు. మొదటి వారం దుప్పట్లో, రెండో వారం హీటర్ పక్కన గడిచిపోయాయి. మూడో వారానికి మోకాళ్లు పట్టేశాయి. ఊళ్లో అయితే పొద్దున్నే గుడికీ, పాలకీ, పక్కింటి కబుర్లకీ తెలియకుండానే రెండు మైళ్లు తిరిగేది. ఇక్కడ మంచానికీ సోఫాకీ మధ్య పన్నెండు అడుగులు. అందుకని ఈ వారం నుంచి రోజుకో దారి చొప్పున నడిపిస్తున్నా. షరతులు ఆవిడవే: ఎత్తు ఎక్కకూడదు, బురద ఉండకూడదు, మధ్యలో కూచోడానికి బల్ల ఉండాలి. ఈ మూడూ ఉన్న దారులు మేనూత్‌లో బోలెడు. డబ్లిన్‌కి పడమర పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు. ఇటు కొస నుంచి అటు కొసకి నడిచే వెళ్లిపోవచ్చు.

సోమవారం కార్టన్ అవెన్యూకి వెళ్లాం. ఒకప్పుడు ఇక్కడి ప్రభువులైన లీన్‌స్టర్ డ్యూకుల భవనం వైపు వెళ్లే బాట అది. స్కేలు పెట్టి గీసినట్టుంటుంది, రెండు పక్కలా లైమ్ చెట్లు. అమ్మ తల పైకెత్తి వెతికి వెతికి, "నిమ్మకాయలేవీ?" అంది. పేరే లైమ్ అమ్మా, తినే కాయ కాయదు అన్నాను. ఇంత పెద్ద చెట్టు పెంచి కాయ లేకపోతే ఎలాగని ఆవిడ బెంగ. ఆ బాట తిన్నగా వచ్చి ఊరి మెయిన్ రోడ్డులో కలుస్తుంది, రోడ్డు ఇంకో కొసన కోట. ఊరంతా డ్యూకు గారి చూపు ఆనేలా వేసిన ప్లాను. మాకు ఆ దారిలో ఉన్న చిక్కల్లా కుక్కలు. తాడు విప్పేసి వదిలేస్తారు. "హి ఈజ్ ఫ్రెండ్లీ" అని యజమాని అరిచేలోపు అది అమ్మ చీర కుచ్చిళ్లు వాసన చూడటం కూడా అయిపోయింది.

బుధవారం కోట, దాని పక్కనే కాలేజీ ఆవరణ. 1795లో కేథలిక్ ఫాదర్ల చదువు కోసం పెట్టిన కాలేజీ. గేటు దగ్గర వందల ఏళ్ల నాటి యూ చెట్టు ఉంది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మీద తిరగబడ్డ సిల్కెన్ థామస్, 1535లో లొంగిపోయే ముందు రాత్రి దాని కిందే కూచుని వీణలాంటి వాయిద్యం వాయించాడని చెప్పుకుంటారు. తర్వాత లండన్‌లో ఉరి తీశారు. కథంతా విని అమ్మ అడిగింది ఒక్కటే, "వాళ్లమ్మ ఉందా అప్పటికి?" నా దగ్గర జవాబు లేదు. ఇంటి దాకా ఇంకేం మాట్లాడలేదు.

ఇవాళ కాలవ దగ్గరికి తీసుకెళ్లాను. నిజానికి మొదటి రోజే తీసుకెళ్లాల్సింది.

రైల్వే స్టేషన్ పక్కనే రాయల్ కెనాల్. నీళ్లు కనపడగానే అమ్మ నడక మారింది. నా బూట్లలో రెండు జతల సాక్సులేసుకుని, చీర మీద మా ఆయన జాకెట్ తొడుక్కుని, అప్పటిదాకా నా చెయ్యి పట్టుకుని నడిచిన మనిషి చెయ్యి వదిలేసి గట్టు అంచుకి వెళ్లి నిలబడింది. ఓ నిమిషం నీళ్లకేసి చూసి, "ఇది ఎటు పారుతోంది?" అంది.

పారదు అన్నాను.

"పారకపోతే చేలకి నీళ్లెలా అందుతాయి?"

చేలకి కాదమ్మా, పడవలకి. 1790లో తవ్వడం మొదలెట్టి, డబ్లిన్ నుంచి షానన్ నది దాకా 1817కి చేర్చారు. బొగ్గూ, ధాన్యం, మనుషులూ అన్నీ దీని మీదే. అసలు కాలవ ఇటు రావక్కర్లేదు, లీన్‌స్టర్ డ్యూకు తన ఊరి మీదుగానే వెళ్లాలని పట్టుబట్టాడు. దాంతో దారి వంకర తిరిగింది. లీక్స్‌లిప్ దగ్గర లోయలో ఏరు అడ్డం వస్తే, దాని మీదుగా పెద్ద కట్ట పోసి కాలవని దాటించారు. ఖర్చు తడిసి మోపెడయింది. అమ్మకి ఇదంతా కొత్తగా ఏమీ అనిపించలేదు. "మన ఊరి తారు రోడ్డు ఎవరి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిందో గుర్తులేదా" అంది.

మాది లొల్ల పక్క ఊరు. గోదావరి కాలవ నీళ్లు తాగి పెరిగిన వాళ్లం. కాలవంటే అమ్మకి వదలడం, కట్టేయడం. ఎండాకాలం కట్టేస్తారు, నాట్లకి ముందు వదులుతారు, ఆ మధ్యలో పిల్లలు అడుగున బురదలో చేపలు పట్టుకుంటారు. "దీన్ని ఎప్పుడు కట్టేస్తారు?" అని రెండుసార్లు అడిగింది. కట్టేయరంటే, "మరి పూడికెప్పుడు తీస్తారు?" అంది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తి చేశాక మన కాలవల్లోనూ పడవలు తిరిగేవి. తాతయ్య పెళ్లివారు పడవలోనే వచ్చారని ఇంట్లో చెప్పుకునేవారు. గాలి లేనప్పుడు మనుషులు తాడు భుజానేసుకుని గట్టెంట లాగేవారట. ఇక్కడ ఆ పని గుర్రాలది. అవి నడిచిన గట్టే ఇప్పుడు మేం నడుస్తున్న దారి. అందుకే ఇంత చదును. మేనూత్ నుంచి షానన్ దగ్గరున్న క్లూన్‌డారా దాకా 130 కిలోమీటర్లు నడవడానికీ సైకిళ్లకీ బాగుచేసి 2021లో తెరిచారు. మేం నడిచింది అందులో ఓ ముక్క.

కాలవ పక్కనే రైలు పట్టాలు. 1845లో రైలు కంపెనీ ఈ కాలవ మొత్తాన్ని కొనేసింది, పక్కన పట్టాలేసుకోడానికి చోటు కోసం. పడవల బేరాన్ని రైలే తినేసింది. 1961లో పడవలు పూర్తిగా బందు. తర్వాత ఒడ్డునున్న ఊళ్ల జనం పూనుకుని, పూడిపోయిన కాలవని ఏళ్లతరబడి బాగుచేసుకుంటూ వచ్చారు, 2010లో షానన్ దాకా మళ్లీ పడవ వెళ్లింది. పూడిక ఎవరు తీస్తారన్న ప్రశ్నకి ఇదీ జవాబు అని చెబితే, అమ్మ తృప్తిగా తలూపింది.

పక్క ఊరు కిల్‌కాక్ వైపు నడుస్తుంటే ఎదురొచ్చిన ప్రతివాళ్లూ పలకరిస్తారు. ఆకాశం బూడిద రంగులో ఉన్నా "లవ్లీ డే" అంటారు. అమ్మకి ఇంగ్లీషు రాదు. అందుకని మా గోదారి వాళ్ల అలవాటు కొద్దీ "ఆయ్" అంటుంది. ఇక్కడ, ముఖ్యంగా ఐర్లండ్ ఉత్తరాన ఉండే వాళ్లు, అవునని చెప్పడానికి "ఐ" అంటారు. టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన ఆగి, నవ్వి, "ఐ, ఐ" అని తలాడించి వెళ్లాడు. "చూశావా, ఆయనకి మన మాట వచ్చు" అంది అమ్మ.

కంచె పొదల్లో నల్లటి బ్లాక్‌బెర్రీలు అక్కడక్కడా మిగిలున్నాయి. హాలోవీన్ దాటాక కోయకూడదంటారు, దయ్యం వాటి మీద ఉమ్మేస్తుందట. అమ్మమ్మ ఉగాది దాకా మామిడికాయ ముట్టనిచ్చేది కాదు. ఇంకా వారం గడువుంది కదా అని అమ్మ నాలుగు కోసి నోట్లో వేసుకుని, ముఖం చిట్లించి, "ఉమ్మేసినట్టే ఉంది" అంది.

అరగంట నడిచాక లాకు వచ్చింది, నీటిమట్టం పెంచీ తగ్గించీ పడవల్ని ఎత్తుపల్లాలు దాటించే చోటు. లాకంటే అమ్మకి నేను చెప్పేదేముంది! రాతి గోడల మధ్య ఇరుకైన గది, రెండు కొసలా చెక్క తలుపులు, తలుపు మీంచి ఒడ్డు మీదకి పొడుచుకొచ్చిన పొడవాటి దూలం. తలుపుల సందుల్లోంచి నీళ్లు సన్నగా చిమ్ముతున్నాయి, లోపలి గోడలకి పచ్చగా నాచు. అమ్మ దూలం మీద చెయ్యి వేసి చూసింది, వీపు ఆనించి చూసింది. నెట్టదు కదా అని నాకు టెన్షన్. "లొల్ల లాకుల ముందు ఇదెంత, పిల్ల లాకు" అని తేల్చేసింది. చిన్నప్పుడు లాకు మీద నిలబడి కిందకి దూకిన అబ్బాయిల పేర్లు వరసగా చెప్పింది. అందులో మా మేనమామ కూడా ఉన్నాడని ఇవాళే తెలిసింది.

బల్ల మీద కూచుని బ్యాగులోంచి డబ్బా తీసింది. ఆత్రేయపురం పూతరేకులు, వచ్చేటప్పుడు చీరల మడతల్లో పెట్టి తెచ్చినవి. సగం పొడైపోయాయి. ఇందాకటి ముసలాయనే తిరిగొస్తూ మా దగ్గర ఆగాడు. అమ్మ ఒక మంచి మడత ఏరి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, చాలా మర్యాదగా పైపొర విప్పడం మొదలెట్టాడు. కాగితం అనుకున్నాడు. విప్పిన కొద్దీ ఇంకో పొర. బెల్లం కోటు మీద రాలుతోంది. చివరికి నేను ఆపి, అది కాగితం కాదు, బియ్యప్పిండే, మొత్తం తినేయాలి అని చెప్పాను. ఓ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పారేద్దామని మడిచి పెట్టుకున్న పొరలన్నీ జేబులోంచి తీసి, ఒక్కొక్కటే తినేశాడు.

తిరిగొస్తుంటే పావుగంట వాన. గొడుగు ఇంట్లోనే ఉంది. వంతెన కింద నిలబడ్డాం. అమ్మ మడమ ఒరుసుకుపోయిందట, రెండు సాక్సులు ఏ మూలకీ చాల్లేదు. ఇంటికి చేరేసరికి ఆరు. ఫోన్‌లో 7,140 అడుగులు.

ఇక్కడ రాత్రి పొద్దుపోయాక, అక్కడ తెల్లవారుజామున, నాన్న ఫోన్ చేశారు. ఎక్కడికెళ్లారంటే, అమ్మ స్పీకర్ పెట్టి, "కాలవ గట్టుకండీ. లాకులు కూడా ఉన్నాయి" అంది.

"అలాగా! ఆ నీళ్లు ఏ పంటకి?"

"పంటకేం కాదు, బాతులకి. ఇంతకీ డాబా మీద చింతపండు తీశారా లేదా?"