డెల్టా తేమలో కచేరీ టేపులు: ఈ వానాకాలం జరిగిన పని

మా బాబాయి కువైట్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో కొని, కొన్ని అక్కడే కాపీ చేయించుకుని, సెలవులకు వచ్చినప్పుడల్లా రాజోలు ఇంటికి చేరవేసిన రాక్ క్యాసెట్లను డిజిటల్ రూపంలోకి మార్చే పని ఈ వానాకాలంలో సగం దాటింది. ప్రత్యక్ష కచేరీల టేపులనే ముందుగా తీసుకున్నాను. స్టూడియో ఆల్బం ఎక్కడైనా దొరుకుతుంది గాని, ఒక కచేరీ కాపీ ఏ రాత్రిది, ఎన్ని యంత్రాలు దాటి వచ్చింది, ఎక్కడ తెగింది అన్న సమాచారం ఆ టేపులోనే దాగి ఉంటుంది. పాలకొల్లులో మా మేడ గదిలో కూడి వినే మిత్రులకు, డెల్టాలో ఇటువంటి పెట్టెలు అటక మీద ఉన్న ఇతరులకు ఉపయోగపడతాయని ఈ వివరాలు రాస్తున్నాను. మొదట్లోనే మేమందరం ఒక నియమం పెట్టుకున్నాం: యంత్రం వల్ల వచ్చిన లోపాన్ని దిద్దాలి, హాలులో వినిపించిన దాన్ని ముట్టుకోకూడదు. చెప్పడానికి తేలికగా ఉన్న ఈ నియమాన్ని పాటించడం ఎక్కడెక్కడ కష్టమైందో కింద కనిపిస్తుంది.

జూన్

1996 నవంబరు తుఫానులో రాజోలు ఇంటి పెంకులు ఎగిరిపోయినప్పుడు ఈ పెట్టె ఒక మూల తడిసింది. అప్పుడు తుడిచి సర్దిన క్యాసెట్లలో కొన్నింటికి టేపు చుట్ట అంచు మీద తెల్లని బూజు పట్టింది. అటువంటి దానిని డెక్‌లో పెట్టి నొక్కితే బూజు హెడ్‌కూ (టేపు మీది ధ్వనిని చదివే భాగం) పించ్ రోలర్‌కూ (టేపును అదిమి నడిపే రబ్బరు చక్రం) అంటుకుని, తరువాత పెట్టే మంచి క్యాసెట్‌కు కూడా పాకుతుంది. అందువల్ల కిటికీకి ఎదురుగా పట్టుకుని, వెలుతురులో ప్రతి చుట్టనూ చూసి, బూజు ఉన్నవాటిని వేరే డబ్బాలో పెట్టాను. శుభ్రంగా ఉన్నవాటిని రబ్బరు అంచు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ సంచులతో కొద్ది వారాలు ఉంచి, ఆ తరువాతనే తీశాను. రంగు మారిన సిలికా జెల్‌ను ఎండలో పెడితే మన వానాకాలపు గాలిలో అది తిరిగి తేమనే పీలుస్తుంది గనుక, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడి చేసి, చల్లారకముందే గాజు సీసాలో మూత బిగించడం మేలు.

కొన్ని క్యాసెట్లలో టేపును హెడ్‌కు అదిమి ఉంచే చిన్న స్పాంజి మెత్త ఊడిపోయి ఉంది. పాడైన డొల్లను విప్పి, టేపు చుట్టలను స్క్రూలు ఉన్న మంచి డొల్లలోకి మార్చడానికి భీమవరం నుంచి వచ్చే రేడియో మెకానిక్ గారు సాయం చేశారు. డొల్ల మీద ఉన్న కాగితాన్ని మాత్రం పారేయకుండా ఫొటో తీసి భద్రపరిచాం. బాబాయి చేతిరాతలో ఉన్న ఒక్క తేదీ కూడా ఆధారమే.

జూలై

డెక్‌కు కొత్త బెల్టులు వేసి, హెడ్‌నూ కాప్‌స్టాన్‌నూ (టేపును లాగే ఇరుసు) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పని మొదలుపెట్టాం. కరెంటు సంగతి ముందుగా చెప్పాలి. మా వైపు రాత్రిళ్లు రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ల మోటార్లు తిరుగుతుంటే లైనులో వోల్టేజీ ఊగుతుంది, ఆ చప్పుడు రికార్డింగులో సన్నని గరగరగా దిగుతుంది. ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే గ్రౌండ్ లూప్ (ఎర్త్ తీగలు రెండు దారుల్లో కలిసి ఏర్పడే చుట్టు) వల్ల వచ్చే హమ్ (గుంయ్‌మనే మోత) చాలావరకు పోయింది. డెక్‌ను సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద పెడితే మిగతాది కూడా తగ్గింది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఈ పనికి వద్దు.

రికార్డింగును 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో, గరిష్ఠ స్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చేస్తున్నాను. కుదించని ఫైలు గంటకు సుమారు 2 గిగాబైట్లు అవుతుంది, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్‌గా మార్చాక అది బాగా తగ్గుతుంది. ఎంపీ3 మాత్రం భద్రపరచడానికి పనికిరాదు. ప్రతి క్యాసెట్‌కూ ముందుగా అజిమత్ (టేపుకు ఎదురుగా హెడ్ నిలిచే కోణం) సరిచూసుకోవాలి. రెండు ఛానళ్లనూ కలిపి మోనోగా వింటూ, హెడ్ పక్కనున్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ పోతే, ఒక చోట తాళాల మెరుపు ఒక్కసారిగా విచ్చుకుంటుంది. అదే ఆ టేపును రికార్డు చేసిన యంత్రపు కోణం. పని ముగిశాక కంపెనీ క్యాసెట్ ఒకటి పెట్టి స్క్రూను మళ్లీ పాత చోటికి తేవాలి.

జూలై పనిలో ఎక్కువ భాగం ‘లైవ్ 72’ అని తప్ప ఇంకేమీ రాసి లేని సీ-90 (తొంభై నిమిషాల) క్యాసెట్ ఒకటే తీసుకుంది. బ్రిటిష్ రాక్ బృందం డీప్ పర్పుల్ అని వినగానే తెలిసింది గాని, ఏ రాత్రి అన్నది తేలాలి. ఈ బృందం 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యోలో వాయించిన కచేరీలను సౌండ్ ఇంజనీరు మార్టిన్ బర్చ్ ఎనిమిది ట్రాకుల మీద రికార్డు చేశారు. వాటిలోంచి ఏరి కూర్చినదే ‘మేడ్ ఇన్ జపాన్’. అసలు జపాన్ విపణి కోసమే అనుకున్న ఆ రెండు ఎల్పీల ఆల్బం ప్రపంచమంతా తిరిగింది. తరువాత 1993లో మూడు డిస్కులుగా, 2014లో ఇంకా విస్తారంగా, మూడు రాత్రుల కచేరీలూ బయటికి వచ్చాయి గనుక ఇప్పుడు పోల్చి చూడడం సాధ్యమైంది. మా క్యాసెట్‌లో ‘స్మోక్ ఆన్ ది వాటర్’ మొదట్లో గిటారిస్టు బ్లాక్‌మోర్ ఆ ప్రసిద్ధమైన వరుసను తిన్నగా అందుకోకుండా కొంత విరిచి వాయించడం ఉంది, అది 15వ తేదీ ఒసాకా కూర్పు గుర్తు. ‘ది మ్యూల్’, ‘లేజీ’ రెండూ టోక్యోవి. అంటే ఇది అసలు ఆల్బం కాపీయే. మొదటి ఎల్పీ ఒక వైపు, రెండవ ఎల్పీ మరొక వైపు, ఒక్కొక్కటి 45 నిమిషాలలో తెగకుండా ఇమిడాయి. సుమారు ఇరవై నిమిషాల ‘స్పేస్ ట్రకిన్’ చివర చప్పట్లు కూడా పూర్తిగా ఉన్నాయి.

ఆల్బం కాపీయే అయినప్పుడు ఇంత శ్రమ ఎందుకని బృందంలో ఒకరు అడిగారు. తెలిసిన రికార్డింగు కాపీ చేతిలో ఉంటే ఆ క్యాసెట్‌ను తయారుచేసిన యంత్రం ఎంత వేగంగా తిరిగిందో కచ్చితంగా కొలవవచ్చు, అదే యంత్రం మీద కాపీ అయిన తెలియని టేపులకు ఆ కొలతే మొదటి ఆధారం. అధికారిక ముద్రణలో రెండు గుర్తుల మధ్య సరిగ్గా 12 నిమిషాలున్న భాగం మా టేపులో 11 నిమిషాల 39 సెకన్లకే ముగిసింది. వేగం 3 శాతం ఎక్కువ, శ్రుతిలో సుమారు అర స్వరస్థానం హెచ్చు. గాయకుడి గొంతు కొంచెం సన్నబడడానికి, అంతా హడావిడిగా వినిపించడానికి కారణం అదే. శ్రుతిని అలాగే ఉంచి నడకను మాత్రమే మార్చే సాధనం ఇక్కడ వాడకూడదు. వేగం, శ్రుతి కలిసి మారాలి, ఎందుకంటే టేపు పరుగెత్తినప్పుడు రెండూ కలిసే మారాయి.

పోల్చడానికి అధికారిక ముద్రణ లేని టేపులకు రెండు దారులు ఉన్నాయి. గిటార్ శ్రుతిని నమ్మలేము, దానిని వేదిక మీద ఎలాగైనా సవరించుకుంటారు. హామండ్ ఆర్గన్ అలా కాదు. దానిలోని చక్రాలను తిప్పేది కరెంటు ఫ్రీక్వెన్సీకి కట్టుబడిన సింక్రనస్ మోటారు గనుక వాయించేవాడు శ్రుతి మార్చలేడు. రెండవది హమ్. అమెరికాలో రికార్డు అయిన టేపులో 60 హెర్ట్జ్ హమ్ దొరికితే దానిని 60 దగ్గరకు తెచ్చేలా వేగం సరిచేయవచ్చు. కానీ కాపీ అయిన దేశపు 50 హెర్ట్జ్ హమ్ దానిమీద మరొక పొరగా పడి ఉంటుంది, ఏది ఏ పొరదో గ్రాఫ్‌లో విడదీసి చూసుకోవాలి. జపాన్ టేపులకు ఇంకొక చిక్కు: ఒసాకా వైపు కరెంటు 60 హెర్ట్జ్, టోక్యో వైపు 50.

వేగం సరిచేసిన తరువాత ఒక ఆదివారం సాయంత్రం ‘ది మ్యూల్’ వినిపించాం. మా బృందంలోని మృదంగం మాస్టారు ఇయన్ పేస్ డ్రమ్ సోలోను కళ్లు మూసుకుని చివరిదాకా విని, “మిగతా రెండు రాత్రులవీ పెట్టండి” అన్నారు. మూడూ వరుసగా విన్నాం. ఒకే వాద్యకారుడు, ఒకే పాట, వరుసగా మూడు సాయంత్రాలు. ముగింపుకు వెళ్లే తోవ మూడు చోట్లా వేరు. కచేరీలో మృదంగం ఒంటరిగా సాగే తని ఆవర్తనం వినే చెవికి ఇది కొత్త సంగతి కాదు గాని, రాక్‌లో కూడా ఇంతటి మనోధర్మం ఉందని చూపించడానికి ఈ మూడు రాత్రులకు మించిన సాక్ష్యం నాకు తెలియదు.

ఆగస్టు, సెప్టెంబరు

గోదావరికి వరద వచ్చిన రోజుల్లో క్యాసెట్లను ముట్టుకోలేదు, విన్నదే ఎక్కువ. గదిలో ప్రతిధ్వని తగ్గించడానికి రెండు గోడలకు కొబ్బరి పీచు పరుపులు నిలబెట్టాం. మన కోనసీమ సరుకే, చవక, పై స్థాయి ధ్వనులను బాగానే పీలుస్తుంది. బాస్ విషయంలో మాత్రం దానివల్ల పెద్ద లాభం లేదు, స్పీకర్లను మూలల నుంచి ముందుకు జరపడమే పని చేసింది.

శబ్దాన్ని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ వాడాలా వద్దా అన్న చర్చ ఈ రోజుల్లోనే జరిగింది. నేను వద్దనే పక్షాన ఉన్నాను. హిస్‌ను (టేపు సహజంగా చేసే బుస శబ్దం) తుడిచే ప్రతి సాధనం తాళాల చివరి మెరుపును, జనం గొంతుల గుసగుసను కూడా కొంత తీసుకుపోతుంది, హాలు ఎంత పెద్దదో చెవికి చెప్పేది ఆ రెండే. బ్రిటిష్ రాక్ బృందం ది హూ 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ విశ్వవిద్యాలయంలో చేసిన కచేరీ ఎల్పీ లేబుల్ మీదే, చిటపటలు వినిపిస్తే దిద్దవద్దని చేతిరాతలో సూచన ఉంది. 1995లో పాటలు పెంచి వెలువరించినప్పుడు ఆ చిటపటలను తొలగించారు. చిటపటలు రికార్డింగు పరికరాల వల్ల వచ్చినవి గనుక తీయడంలో తప్పు లేదని నరసాపురం కాలేజీ కుర్రాళ్లు వాదించారు, మా నియమం ప్రకారం వారి మాటే సరైనది. అయినా నేను పాత కూర్పును కూడా పక్కనే ఉంచమన్నాను, ఉంచాం. ఆ బృందమే మరునాడు హల్ అనే ఊళ్లో చేసిన కచేరీ ఇంకా క్లిష్టమైనది. అక్కడ మొదటి కొన్ని పాటలకు బాస్ గిటార్ రికార్డు కాలేదు, 2010లో విడుదల చేసినప్పుడు లీడ్స్ బాస్‌ను తెచ్చి అతికారు. ఆ పాటల దగ్గర మా పట్టికలో ‘బాస్ లీడ్స్‌ది’ అని రాశాను. అతుకు ఎక్కడుందో తెలిస్తే వినడంలో ఆనందం తగ్గదు, దాచితే మాత్రం అది హల్ కచేరీ అనిపించుకోదు.

పేరు రాయడంలో ఇంత పట్టుదల ఎందుకో అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ 1966 మే 17 కచేరీ చెబుతుంది. అది మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో జరిగింది గాని, దొంగ ముద్రణలు దానిని లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీగా ప్రచారం చేశాయి. 1998లో అధికారికంగా విడుదలైనప్పుడు కూడా ఆ తప్పు పేరును కొటేషన్ గుర్తుల్లో ఉంచవలసి వచ్చింది. మా ఫైళ్ల పేర్లు ఇప్పుడు బృందం, సంవత్సరం-నెల-తేదీ, ఊరు, హాలు, ఆధారం అన్న వరుసలో ఉన్నాయి. ఆధారం అన్నచోట మిక్సింగ్ బల్ల నుంచి తీసుకున్నదా, ప్రేక్షకుల మధ్య మైకుతో పట్టినదా, రేడియో ప్రసారమా, ఎన్నవ కాపీ అన్నవి రాస్తున్నాం. తెలియకపోతే ఖాళీగా వదులుతున్నాం, ఊహించి నింపడం లేదు.

సెప్టెంబరులో మాండొలిన్ శ్రీనివాస్ గారి వర్ధంతికి ఆయన పుట్టిన ఈ పాలకొల్లులోనే ఆయన ప్రత్యక్ష రికార్డింగులు పెట్టుకున్నాం. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ శ్రీనివాస్ గారు కూడా ఉన్న రిమెంబర్ శక్తి బృందంలో 2000 డిసెంబరులో బొంబాయిలో వాయించిన కచేరీ ముందు విని, అదే గిటారిస్టు మహావిష్ణు ఆర్కెస్ట్రాతో 1973 ఆగస్టులో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో వాయించినది తరువాత విన్నాం. శ్రీనివాస్ గారిది ఎలక్ట్రిక్ మాండొలిన్, జంట తీగల బదులు ఒంటి తీగలు కట్టినది. గమకం సాగడానికి ఆంప్లిఫైయర్ ఇచ్చిన నిడివిని ఆయన వాడుకున్న తీరు రాక్ గిటార్ వినే చెవికి వెంటనే అందుతుంది. ఇవి రెండూ ఫ్లాక్‌లో ఉన్న అధికారిక ముద్రణలే గనుక మేం వాటిలో దిద్దిందేమీ లేదు, వినడమే.

ఫైళ్లన్నింటికీ చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో తరువాత సరిచూసుకునే అంకెల గుర్తు) తీసి, ఒక ప్రతిని ఇక్కడ, రెండవ దానిని వరద భయం లేని రాజమండ్రి మెరకలో ఉన్న చెల్లెలి ఇంట్లో ఉంచాను. బూజు పట్టిన డబ్బాను డిసెంబరులో గాలి పొడిబారే దాకా తెరవను. అప్పుడు మేడ మీద ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని, పొడి గుడ్డతో తుడిచి, చేత్తో చుట్టి, వాటికోసమే కేటాయించిన పాత డెక్‌లో మొదట ఆడించాలి. ఆలోగా మిగిలిన శుభ్రమైన క్యాసెట్లలో ‘జర్మనీ’ అని మాత్రమే రాసి ఉన్నదానిని తీసుకుంటున్నాను. దానిలో హామండ్ ఆర్గన్ స్పష్టంగా వినిపిస్తోంది గనుక వేగం తేల్చడం అక్కడి నుంచి మొదలవుతుంది.