వరి ఊకతో మిశ్రమ పదార్థం: నా అనుభవం

వరి ఊక పొడిని పూరకంగా, అంటే ప్లాస్టిక్‌లో నింపే పదార్థంగా, వాడి రెండూ కలిసిన మిశ్రమ పదార్థం తయారు చేయాలని పూనుకున్నప్పుడు, నేను ముందుగా తేల్చుకోవలసి వచ్చింది ఊక సంగతి కాదు, దానిని పట్టి ఉంచే ప్లాస్టిక్ సంగతి. పాలీప్రొపిలీన్ అనే మామూలు ప్లాస్టిక్‌లో ఎంత ఊక కలిపినా ఊక ఒక్కటే కుళ్లి, ప్లాస్టిక్ తునకలుగా మట్టిలోనే మిగిలిపోతుంది కనుక, అటువంటి దానిని జీవ విచ్ఛేదనీయమని, అంటే సూక్ష్మజీవులు పూర్తిగా కుళ్లబెట్టగలిగేదని, అనడానికి నా మనసు ఒప్పుకోలేదు. అందుకే ఖరీదు ఎక్కువైనా, తగిన పరిస్థితుల్లో తానూ విచ్ఛిన్నమయ్యే ప్లాస్టిక్ అయిన పాలీలాక్టిక్ ఆమ్లాన్ని, అంటే పీఎల్‌ఏను, ఎంచుకున్నాను.

ఊకను పొడి కొట్టి జల్లెడ పట్టడం తేలికగానే సాగింది. శ్రమంతా తేమ దగ్గరే. చేతిలోకి తీసుకుంటే ఊక గలగలలాడుతూ బాగా ఎండినట్టే ఉంటుంది. కానీ దానిలోని సెల్యులోజ్ అనే నార పదార్థం గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. కరిగిన పీఎల్‌ఏకు ఆ తేమ తగిలితే దాని అణు గొలుసులు తెగిపోయి, ముక్క పెళుసుగా వస్తుంది. పీఎల్‌ఏ గుళికలను కూడా తేమ 0.025 శాతం లోపుకు దిగేదాకా ఆరబెట్టమని చెప్పేది ఇందుకే. నేను పొడిని ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేవరకూ ఉంచి, వేడి మీదనే మూత బిగించిన డబ్బాలోకి ఎత్తేవాడిని. కరిగించే వేడిలోనూ వెసులుబాటు తక్కువే: పీఎల్‌ఏకు 170 డిగ్రీల సెల్సియస్ పైన కావాలి, 200 బాగా దాటితే ఊకలో సెల్యులోజ్‌తో కలిసి ఉండే హెమిసెల్యులోజ్ చెడిపోవడం మొదలై, ఎక్స్‌ట్రూడర్ (కరిగించి, కలిపి, రంధ్రం గుండా నెట్టే యంత్రం) నుంచి వచ్చే తీగ ముదురు గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వేస్తుంది.

మిశ్రమంలో ఊక వంతు పెరిగేకొద్దీ నమూనాలు బిగువుగా, వంగకుండా తయారయ్యాయి. లాగి చూస్తే మాత్రం తొందరగా తెగాయి. తెగిన చోటును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు కారణం స్పష్టంగా కనిపించింది: ఊక రేణువులు ఊడిపోయిన చోట నున్నని గుంతలు, మిగిలిన రేణువుల చుట్టూ సన్నని ఖాళీలు ఉన్నాయి. నీటిని ఇష్టపడే ఊక, నీటిని అంతగా ఇష్టపడని పీఎల్‌ఏ ఒకదానికొకటి అంటుకోలేదన్నమాట. ఊకను పలుచని కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెట్టి, క్షారం పూర్తిగా పోయేదాకా కడిగి వాడిన తరువాత, ఊక పైనున్న మైనమూ, ఇసుకలో ఉండే సిలికా కొంతా తొలగి గరుకైన ఉపరితలం బయటపడడంతో పట్టు మెరుగైంది. అయితే కడిగిన ఆ నీటిని తటస్థపరచకుండా పారబోస్తే పర్యావరణం కోసం చేసే పనికి అర్థమే ఉండదని నేను గట్టిగా నమ్ముతాను.

పారిశ్రామిక కంపోస్టులో ఉండేలా సుమారు 58 డిగ్రీల వేడి ఉన్న కంపోస్టులో ఊక కలిపిన ముక్కలు పొరలు విడి, చేతితో నలిపితే పొడి అయ్యాయి. మామూలు మట్టిలో పాతిపెట్టినవి మాత్రం రంగు మారి, ఆకారం చెడకుండా అలాగే ఉన్నాయి. అప్పటి నుంచి ఎవరికి నమూనా ఇచ్చినా, ఇది పారిశ్రామిక కంపోస్టులో మాత్రమే విచ్ఛిన్నమవుతుందని దానిపైనే రాసి ఇస్తున్నాను.