విజార్డ్ కార్డులు

హన్మకొండల మా డాబా మీద ఆదివారం డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలేసి ఆడే కథల ఆట) నడుస్తది, మా తమ్మునిది విజార్డ్, అంటే మంత్రగాని పాత్ర, వాని వంతొస్తే రూల్స్ బుక్ తిరగేసుడే, మిగతోళ్లం మిర్చీలు తినుకుంట కూసునుడే. ఈసారి పెళ్లిపత్రికల అట్టలు కత్తిరించి స్పెల్‌కొక (మంత్రానికొక) కార్డు రాసిచ్చిన. ఫైర్‌బాల్ మీద గింతే: 3వ లెవెల్, 150 అడుగుల దూరం, 20 అడుగుల రేడియస్, 8డీ6 (ఆరు ముఖాల పాచికలు ఎనిమిది) దెబ్బ, ఎదుటోనికి డెక్స్ సేవ్ (చురుకుతనంతోని తప్పించుకునేటందుకు ఏసే పాచిక) అయితే సగం. అంతా రాస్తే మళ్ల బుక్కే అయితది గద. కాన్సన్‌ట్రేషన్ స్పెల్స్‌కు (ధ్యాస పెట్టి నడిపియ్యాల్సినయి) మూలకు ఎర్రచుక్క పెట్టిన, ఒక్కసారి ఒక్కటే నడుస్తది కాబట్టి ముంగట రెండు చుక్కలు కనవడ్డయంటే పాతది పోయినట్టే. షీల్డ్ లాంటి రియాక్షన్లు (ఎదుటోడు ఏదన్న చేస్తే వెంటనే ఏసేటియి) మాత్రం విడిగ పెట్టాలె, అవి ఎక్కువగ ఎదుటోని వంతుల పనికొస్తయి, అందరు మర్చిపోయేది గవే. స్లాట్లకు (ఇంకెన్ని స్పెల్స్ ఏయొచ్చో ఆ లెక్కకు) చింతగింజలు, వాడినకొద్ది డబ్బల ఏసుడు, లాంగ్ రెస్ట్ (ఆటల పాత్రలు తీసుకునే పెద్ద విశ్రాంతి) అయినంక మళ్ల తీసుడు. బార్డ్ (పాటలతోని మంత్రాలేసే పాత్ర) ఆడే మా బావ నాకు గూడ రాసియ్యి అంటుండు, అట్టముక్కలు, స్కెచ్ పెన్ను చేతుల పెట్టిన.