ఇనాండా ప్రయాణానికి ముందు

మా కంపెనీ సేవా కార్యక్రమం కింద ఈసారి దక్షిణాఫ్రికా వెళ్లే బృందంలో నాకూ చోటు దొరికింది. డర్బన్ శివార్లలోని ఇనాండా టౌన్‌షిప్‌లో, అంటే నల్లవాళ్లు ఎక్కువగా ఉండే బస్తీలో, ఒక యువజన కేంద్రానికి రెండు వారాలు పని చేసిపెట్టాలి. బృందంలో ఎక్కువమందిమి తెలుగువాళ్లమే కాబట్టి చెన్నై షోళింగనల్లూరు ఆఫీసులో సన్నాహాలన్నీ తెలుగులోనే సాగుతున్నాయి.

మా చేతికిచ్చిన ప్రణాళికలో మొదటి పని కేంద్రం గోడలకు రంగులు వేయడం. చదవగానే నాకు మనసొప్పలేదు. పని వెతుక్కునేవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి పని దొరకని దేశమది. యువతలో పరిస్థితి ఇంకా ఘోరం. అలాంటి చోటికి చెన్నై నుంచి విమానమెక్కి వెళ్లి, బ్రష్షు పట్టిన అలవాటే లేని మేం గోడలకు రంగులు వేయడమేమిటి? అది అక్కడి పెయింటర్ల నోటి దగ్గర కూడు.

కేంద్రం నడిపే పెద్దావిడతో వీడియో కాల్‌లో మాట్లాడాక దారి దొరికింది. అందరూ ఆవిడను గోగో, అంటే అవ్వ, అని పిలుస్తారు. మా మేనేజరు ప్రణాళిక చదువుతుంటే ఆవిడ ఫోను తిప్పి పక్క గది చూపించారు. గోడ పొడవునా పాత కంప్యూటర్లు, వాటి మీద పూల దుప్పటి. ఎవరో దాతలు ఇచ్చి వెళ్లారట. సగం వాటికి పాస్‌వర్డ్ ఏమిటో ఎవరికీ తెలియదు. "వీటిని లేపండి. మా పిల్లలిద్దరికి పని నేర్పి వెళ్లండి. రేపు చెడిపోతే వాళ్లే బాగుచేసుకోవాలి. గోడల సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. మాకు ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ పని చెప్పలేదు.

ఆ ఊరి గురించి చదివినకొద్దీ, అక్కడికి "అభివృద్ధి" మోసుకెళ్తున్నామని చెప్పుకోవడానికి నాకు నోరు రావడం లేదు. 1912లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు తొలి అధ్యక్షుడైన జాన్ డ్యూబే, అంతకు పదేళ్ల ముందు నుంచే ఓహ్లాంగేలో బడి నడిపింది ఇక్కడే. గాంధీ 1904లో ఫీనిక్స్ ఆశ్రమం పెట్టింది దానికి కూతవేటు దూరంలో. 1994 ఎన్నికల్లో మండేలా తన తొలి ఓటు వేయడానికి ఎంచుకున్నదీ ఆ బడినే.

మన ఊరికీ ఆ తీరానికీ పాత సంబంధమే ఉంది. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ, చెరకు తోటల కోసం 342 మంది ఒప్పంద కూలీలతో నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా అలా వెళ్లినవాళ్లు లక్షన్నర పైమాటే, వాళ్లలో తెలుగువాళ్లూ ఎందరో. ఇది విని మా రాజమండ్రి అబ్బాయి ఎంతో పొంగిపోయాడు. కానీ ఆ చరిత్ర అక్కడితో ఆగలేదు. అక్కడి జాతివివక్ష ప్రభుత్వం 1950లో తెచ్చిన చట్టం జాతుల వారీగా నివాసాలు విడగొట్టింది. 1985 ఆగస్టు అల్లర్లలో ఫీనిక్స్ ఆశ్రమం తగలబడింది, ఇనాండాలోని భారతీయ కుటుంబాలు ఇళ్లు వదిలి పారిపోయాయి. 2021 జులైలో పక్కనే, భారతీయ సంతతివాళ్లు ఎక్కువగా ఉండే ఫీనిక్స్ టౌన్‌షిప్‌లో 30 మందికి పైగా హత్యకు గురయ్యారు. వాళ్లలో అత్యధికులు నల్లవాళ్లు. మా ముఖాలు చూడగానే అక్కడివాళ్లకు ఏమేమి గుర్తుకొస్తాయో తెలుసుకునే వెళ్లాలని సమావేశంలో పట్టుబట్టాను. "భయపెడుతున్నారు మేడమ్" అన్నాడా అబ్బాయి. భయపడాల్సిన పని లేదు, మర్యాదగా మసలుకుంటే చాలన్నాను. పిల్లల ఫొటోలు తీసి ఎక్కడా పెట్టకూడదని అందరం ఒప్పుకున్నాం.

సామాను విషయానికొస్తే, చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ర్యామ్, హార్డ్ డిస్కులు కొన్నాం. అక్కడ మొబైల్ డేటా మనకన్నా బాగా ఖరీదు, అందుకే పాఠాలన్నీ డిస్కుల్లోనే ఎక్కించుకుని తీసుకెళ్తున్నాం. ప్రత్యేకంగా అడాప్టర్లు కొననక్కర్లేదు. మన ఇళ్లలో ఏసీకి, గీజరుకు ఉండే లావు మూడు పిన్నుల ప్లగ్గే అక్కడ ఇంటింటా వాడే మామూలు ప్లగ్గు. ఆ ప్లగ్గు బిగించిన ఎక్స్‌టెన్షన్ బాక్సులు తీసుకుంటే సరిపోతుంది.

ఇక మిగిలింది రంగుల డబ్బు. దాన్ని కేంద్రానికే ఇచ్చి, ఇనాండా పెయింటర్లకే కూలి కట్టాలని అడిగాం. మేనేజరు సరేనన్నారు. అకౌంట్స్ వాళ్లు మాత్రం కొటేషన్ లేకుండా కుదరదన్నారు. గోగో నిన్న రాత్రి పంపారు, పొద్దున్నే వాళ్ల ముందు పెట్టాను. విమానం ఎక్కేలోగా సంతకం పడేదాకా వాళ్లను వదిలేది లేదు.