పన్నుకు క్యాపా, వెనీరా?

విశాఖలో డాబాగార్డెన్స్‌లోనైనా, ఎంవీపీ కాలనీలోనైనా డెంటల్ క్లినిక్‌కి వెళ్తే ధర కన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: గట్టి పన్ను ఎంత మిగిలింది?

వెనీర్ ముందువైపు అతికించే పల్చటి పింగాణీ పొర. సాధారణంగా 0.3 నుంచి 0.7 మి.మీ. అరగదీస్తే చాలు. పన్ను పైనుండే గట్టి పొర ఎనామిల్ మీదే దాని పట్టంతా. అరుగుదల దాని కింది మెత్తటి పొర డెంటిన్ దాకా పోతే అతుకు బలహీనపడి ఊడొస్తుంది. రాత్రిళ్లు పళ్లు కొరికేవాళ్లకు వెనీర్ పెచ్చులు లేస్తుంది, నిద్రలో పళ్లకు తొడిగే నైట్ గార్డ్ తప్పదు.

ముందు పన్ను అంచు మాత్రమే విరిగితే క్యాప్ కోసం చుట్టూ చెక్కించుకోవద్దు. చిన్న ముక్కైతే పన్ను రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగే సరిపోవచ్చు.

రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను సంగతి వేరు. నమిలే ఒత్తిడికి అది నిలువునా చీలే ప్రమాదం ఉంది; చుట్టూ పట్టి ఉంచేది క్యాపే. అయితే చిగుళ్లపైన చుట్టూతా 1.5 నుంచి 2 మి.మీ. గట్టి పన్ను ఉండాలి. లేకపోతే జిర్కోనియా (గట్టి సిరామిక్) క్యాప్ ఎంత ఖరీదైనదైనా ఊడుతుంది, లేదా వేరు చీలుతుంది.

రంగు అరగదీయకముందే ఎంచాలి, ఆరిన పన్ను తెల్లగా కనిపిస్తుంది కాబట్టి. క్యాప్ ఎత్తుగా తగిలితే అలవాటవుతుందని ఊరుకోకండి, వెంటనే సరిచేయించండి.